మల్లెపూలు ఫొటోలో కనబడవు

"మల్లెపూలు ఫొటోలో కనబడవు మేడం."

ఈ మాట అన్నది మా మేనకోడలి పెళ్ళికి పందిరి అలంకరించిన డెకరేటరు. వైశాఖ మాసం. రాత్రి రెండూ నలభైకి ముహూర్తం. కడియపులంక పూల మార్కెట్టుకి గట్టిగా అరగంట దూరం మా ఊరు. తోటల్లో మల్లె విరగబూసే రోజులు, కోసేవాళ్ళు చాలక మొగ్గలు చెట్టుమీదే విచ్చుకునే రోజులు. అలాంటి రోజున, ఆ వేళకి కట్టబోయే తాళికి, వేదిక మొత్తంలో ఒక్క మల్లెమొగ్గ లేదు. పైనుంచి వేలాడుతున్నవి తెల్లటి ప్లాస్టిక్ తీగలు. వెనక గోడంతా లేత గులాబీరంగు గుడ్డపూలు. వాటి మధ్య అక్కడక్కడ థాయ్‌లాండ్ నుంచి అట్టపెట్టెల్లో దిగిన ఆర్కిడ్లు. ఇదేమిటి బాబూ, ఈ నెలలో మల్లెలు లేకుండా పెళ్ళా అని అడిగితే, దాపరికం లేకుండా అతను చెప్పిన జవాబది.

అతను అబద్ధం చెప్పలేదు. ఆరువేల మొగ్గలు కట్టిన తెర కూడా ఫ్లాష్ వెలుతురులో తెల్లటి మరకలా పడుతుంది. గుడ్డపూవు మాత్రం రేకు రేకునా విడివిడిగా కనిపిస్తుంది. కెమెరాకి ఏది కావాలో అది తెచ్చాడు. డబ్బిచ్చింది మేము. ఆల్బమ్ చూసి తలూపింది మేము. అందుకే ఈ కోపం అతని మీద కాదు. పెళ్ళిపూలను కెమెరాకి అప్పగించేసి, దాన్నే అందమని అనుకుంటున్న మనందరి మీద.

ఆ ప్యాకేజీ మాట్లాడుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. అతను కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న: "థీమ్ ఏంటి మేడం?" టాబ్లెట్ తీసి బొమ్మలు జరిపాడు. పేస్టల్ థీమ్, రస్టిక్ థీమ్, రాయల్ థీమ్. 2017 డిసెంబరులో ఇటలీలోని టస్కనీలో విరాట్ కోహ్లీ, అనుష్కా శర్మల పెళ్ళి ఫొటోలు వచ్చాక దేశం మొత్తానికి లేత గులాబీరంగు పిచ్చి పట్టింది. ఆ పెళ్ళి ఆ చలిదేశంలో, ఆ శీతకాలపు వెలుతురులో జరిగింది. నలభై డిగ్రీల మే నెలలో, గోదావరి గట్టున, జనరేటర్ పొగ పక్కన, అదే రంగు కావాలంటే ఇక మిగిలేది గుడ్డా, ప్లాస్టిక్కే. ముహూర్తం ఎన్నింటికని అతను అడగలేదు. హాలుకి ఏసీ ఉందా, పందిరి ఆరుబయటా అని అడగలేదు. పెళ్ళికూతురి జడ ఎంత పొడుగు, ఆమెకి ఏ పూల వాసన పడదు అన్నది అసలు మాటల్లోకే రాలేదు.

మా అమ్మ పెళ్ళికి పూలు తెచ్చిన మనిషి మొదట అడిగింది ముహూర్తం గురించేనట. అది మర్యాదకి అడిగిన ప్రశ్న అనుకునేరు. పూల పనిలో ఉన్న విద్యంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మల్లెమొగ్గని తెల్లారకముందే, బిగిసి ఉండగానే కోస్తారు. మధ్యాహ్నమంతా తడిగుడ్డ కింద ఉంచి కడతారు. సాయంత్రానికి విచ్చుకోవడం మొదలై రాత్రికి పూర్తిగా విరుస్తుంది. తెల్లారేసరికి అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. అంటే రాత్రి ముహూర్తానికి మల్లెకి మించిన పూవు లేదు. అదే పొద్దున పదింటి ముహూర్తమైతే మల్లెని నమ్ముకోకూడదు. నిన్న కోసినది వాడిపోతుంది, ఇవాళ కోసినది ఇంకా మొగ్గే. అప్పుడు చామంతో, లిల్లీయో, కనకాంబరమో చూసుకోవాలి. కనకాంబరానికి వాసన లేదు గాని, నీళ్ళ చుక్క లేకుండా రోజంతా నిలబడుతుంది, తల మీద బరువనిపించదు. అందుకే దాన్ని మరువంతోనో దవనంతోనో కలిపి కట్టేవారు. రంగు ఒకటిస్తే వాసన ఇంకొకటి ఇస్తుంది. ఇది డిజైన్ కాకపోతే మరేమిటి? ముహూర్తం నుంచి వెనక్కి గంటలు లెక్కపెట్టుకుంటూ, ఏ పూవు ఎప్పుడు కోయాలి, ఎప్పుడు కట్టాలి, ఎక్కడ ఉంచాలి అని చూసుకోవడాన్ని మించిన ప్లానింగ్ ఏ దేశంలో ఉంది?

మంచి పూలపనివాడికి ఈ లెక్క ఇప్పటికీ తెలుసు, విదేశీ పూల విషయంలో కూడా. గులాబీని రెండు మూడు డిగ్రీల చలిలో ఉంచితే తాజాగా ఉంటుంది, అదే చలిలో ఆంథూరియంని, ఆర్కిడ్‌ని పెడితే నల్లబడిపోతాయి. కార్నేషన్ బుట్టని పండబారిన అరటిగెల పక్కన పెడితే పండు విడిచే ఇథిలీన్ వాయువుకి రేకులు లోపలికి ముడుచుకుపోతాయి. మన పందిట్లో అరటిగెలలు ఉంటాయి కనుక ఇది తెలిసినవాడే అక్కడ కార్నేషన్ పెట్టాలి. కాడని నీళ్ళలో ముంచి ఏటవాలుగా కోయకపోతే కాడలోకి గాలి చేరి తల వాలుస్తుంది. ఇవన్నీ తెలిసిన మనుషులున్నారు. వాళ్ళని మనం అడిగేది మాత్రం ఇవి కాదు. "ఈ ఫొటోలో ఉన్నట్టే చేస్తావా? ఎంతకి చేస్తావు?" అంటాం. ఆ ఫొటో ఏ నెలలో తీశారో, ఏ ఊళ్ళో తీశారో, అందులో ఉన్న పూలు ఎన్ని గంటలు బతికాయో మనకి పట్టదు. వాళ్ళకి తెలిసిన విద్యని మనమే వద్దంటున్నాం.

పెళ్ళి పూలు గోడకి పుట్టినవి కావు. మన పెళ్ళిలో పూవు ఉండే చోట్లు గుర్తు తెచ్చుకోండి. పెళ్ళికూతురి పూలజడ. వధూవరులు మార్చుకునే దండలు. తలంబ్రాలయ్యాక ఆడించే పూలచెండ్లు. గుమ్మానికి మామిడాకులతో కలిసిన బంతి తోరణం. పేరంటానికి వచ్చిన ప్రతి ఆడమనిషి చేతిలో పెట్టే మూరెడు పూలు. ప్రతిదీ ఒంటికి తగిలేది, చేతులు మారేది. పూలని ఎన్ని మూరలు అని అడుగుతాం, మూర అంటే మనిషి చేయి కొలత. వచ్చినవాళ్ళకి పంచడానికి పూవు కొనేవాళ్ళం. ఇప్పుడు ఆ పేరంటం పూలకే "బడ్జెట్‌లో లేదు" అంటున్నారు. ఆరువందల మంది వచ్చిన మా ఇంటి పెళ్ళిలో పెద్ద ముత్తైదువలకి తలా ఒక ప్లాస్టిక్ గులాబీ అంటించిన తాంబూలం సంచీ ఇచ్చారు. మూడున్నర లక్షల ప్యాకేజీలో మూరెడు మల్లెలకి చోటు దొరకలేదు. మా పెద్దమ్మ ఆ సంచీని తిప్పి తిప్పి చూసి, పువ్వు పీకి పక్కన పెట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి, తలలో పూలు లేకుండా పెళ్ళింటి నుంచి తిరిగి వెళ్ళింది. ఆ దృశ్యం తలుచుకుంటే ఈ రోజుకీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

పూలని ఒంటి కొలతతో చూడడం ఎంత గొప్ప విద్యో తెలియాలంటే తిరుమల చూడాలి. అక్కడ స్వామికి వేసే ఒక్కో దండకీ ఒక పేరుంది, ఒక చోటుంది, మూరల్లో లెక్క ఉంది. కిరీటం మీదుగా రెండు భుజాల మీదకి దిగే దండ పేరు శిఖామణి, ఎనిమిది మూరలు. భుజాల నుంచి పాదాల దాకా వేలాడేవి సాలగ్రామ మాలలు. మెడకి కంఠసరి, పాదాలకి తిరువడి దండలు. ఈ దండలు వేసే తోమాల సేవ పేరుకి భుజమాల అనే అర్థం చెబుతారు. ఏ దండ ఎక్కడ వాలాలి, ఎంత పొడుగుంటే ఎక్కడ ఆగుతుంది అన్నది వందల ఏళ్ళుగా తేల్చి పెట్టుకున్న జాతి మనది. అలాంటి మనం ఇవాళ పెళ్ళికూతురి మెడలో ఎవరికో కట్టిన రెడీమేడ్ దండ వేస్తున్నాం. అది ఆమె మోకాళ్ళకి తగిలి నడవలేకపోతుంటే పిన్నీసులతో పైకి లాగుతున్నాం. బరువు తగ్గుతుందని మధ్యలో థర్మాకోల్ ఉండలు, ప్లాస్టిక్ గొట్టాలు గుచ్చుతున్నాం. పట్టుచీరకి రంగు అంటుకునే లిల్లీలు వేస్తున్నాం. తెల్లటి లిల్లీని నీలంరంగులో ముంచి తెచ్చారు మరి, థీమ్ కోసం.

పరదేశి పూలంటే ఒంటికాలి మీద లేస్తోంది, చాదస్తం అనేవాళ్ళుంటారు. నాకు పరదేశి పూవు మీద పగ లేదు. మన గుమ్మాలకి కట్టే బంతి మెక్సికో నుంచి వచ్చింది. లిల్లీ అని మనం పిలిచే నేలసంపెంగదీ ఆ దేశమే. చామంతి చైనాది. అవి వచ్చాయి, మన మట్టిలో నాటుకున్నాయి, మన రైతు వాటి తెగుళ్ళు నేర్చుకున్నాడు, మన ఆడవాళ్ళు వాటిని కట్టే ముళ్ళు కనిపెట్టారు, మన దేవుళ్ళు వాటిని ఒప్పుకున్నారు. అలా వచ్చిన పూవు ఎంత దూరం నుంచి వచ్చినా మనదే. జెర్బెరా, కార్నేషన్ కూడా అలా మనవైతే సంతోషమే. షేడ్‌నెట్లు వేసి పండించే రైతులు మన దగ్గర ఉన్నారు, బెంగళూరు హెబ్బాళలో వాటికి వేలం కేంద్రమే ఉంది. నేను అడిగేది ఒక్కటే. ఈ నెలలో ఈ నేల మీద పూసినదేదో ముందు చూడండి. అది చాలనప్పుడు బయటికి వెళ్ళండి. వైశాఖంలో మల్లెని కాదని విమానంలో వచ్చిన పూవు దగ్గరికి పోవడం మాత్రం, వాకిట్లో పండిన మామిడిపండు వదిలేసి డబ్బాలో రసం కొనుక్కోవడం లాంటిది.

ఇక ఆ పూలగోడల లోపల ఏముందో చూద్దాం. ఆ రాత్రి పదకొండింటికి, అంతకుముందు పెళ్ళివాళ్ళు ఖాళీ చేశాక, మాకు హాలు చేతికొచ్చింది. ముహూర్తానికి మూడున్నర గంటల టైము. బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఎనిమిదిమంది, రెండు నిచ్చెనలు, ఇనప చట్రాలు, సంచీ నిండా జిప్ టైలు. ఆకుపచ్చ ఇటుకల్లాంటి ఫోమ్ దిమ్మలని నీళ్ళలో నానబెట్టి, చట్రాలకి బిగించి, వాటిలో ఆర్కిడ్లు గుచ్చారు. ఆ ఫోమ్‌ని 1954లో అమెరికాలో కనిపెట్టారు. నీళ్ళు పట్టుకుంటుంది, కాడని ఏ కోణంలో గుచ్చినా నిలబెడుతుంది, పనివాడికి గంట మిగులుతుంది. కానీ అది ఫినాల్-ఫార్మాల్డిహైడ్ ప్లాస్టిక్కు. నలిపితే పొడి అవుతుంది, పొడి నీళ్ళలో కలుస్తుంది, మట్టిలో కలవదు. ఆ పొడి నీటిలో ఉండే చిన్న ప్రాణుల ఒంట్లో చేరి వాటికి హాని చేస్తుందని ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో బయటపెట్టారు. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన పూల ప్రదర్శనల్లో ఈ ఫోమ్ వాడొద్దని తీర్మానించింది. దాన్ని తలకెత్తుకున్న దేశాల్లోనే దించేస్తుంటే, మనం ఇప్పుడు కొత్తగా నెత్తికెత్తుకుంటున్నాం.

మన పందిట్లో అరటిబోదె ఉండేది. అది చూడ్డానికి మాత్రమే కట్టినది అనుకుంటున్నారా? కోసి నిలబెట్టినా లోపల నీళ్ళు ఉంటాయి, పొరలు పొరలుగా ఉంటుంది, చీపురుపుల్లకి గుచ్చిన పూవుని దాంట్లో దింపితే తెల్లారేదాకా కదలదు. పెళ్ళయ్యాక పశువులకి వేస్తే తింటాయి. ఫోమ్ చేసే పని మొత్తం చేసే వస్తువు పందిరి గుంజకి కట్టి ఉంది. దాన్ని డిజైనులోకి తెచ్చే తెలివి, ఓపిక ఉన్న డెకరేటరుని నేను నెత్తిన పెట్టుకుంటాను. ఫోమ్ దిమ్మకి ఇచ్చే డబ్బుకి రెండింతలు ఇస్తాను.

తాళి కట్టి, తలంబ్రాలు పోసి, అరుంధతిని చూపించి తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చేసరికి వేదిక సగం విప్పేశారు. తరువాతి పార్టీ రావాలి. ఆర్కిడ్లు ఇంకా నవనవలాడుతున్నాయి, రెండు వారాలు బతకగల పూలవి. నాలుగు గంటలు కూడా పని చేయలేదు. వాటిని ఫోమ్‌తో సహా, జిప్ టైలతో సహా, నైలాన్ దారంతో సహా చుట్టి నీలం సంచుల్లో కుక్కారు. ఆ సంచుల కోసం నేను వెనక గేటు దాకా వెళ్ళాను. హాలు వెనక కాలవ గట్టు మీద పడేశారు. అక్కడ అంతకుముందు పెళ్ళి తాలూకు కుప్ప, దానికి ముందు పెళ్ళి తాలూకు కుప్ప. ఆవు ఒకటి బంతిదండ లాగుతోంది, దండతో పాటు దారం కూడా లోపలికి పోతోంది. నేను లాగబోతే బెదిరి దూరంగా పోయింది, దారంతో సహా. ఈ పూల మధ్యే, మంత్రాల మధ్యే అమ్మాయి పెళ్ళయింది. వాడిన పూలకి ఈ గతి పట్టనక్కర్లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 నుంచి ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయిస్తోంది. అది సాధ్యమవుతోంది ఎందుకంటే ఆ పూలు పూలే కనుక. రంగు స్ప్రే కొట్టిన జిప్సోఫిలా పూలనీ, ఫోమ్ పొడి పట్టిన కాడనీ, ప్లాస్టిక్ ఆకు అంటించిన గులాబీనీ ఏ పొయ్యిలో వేయగలం, ఏ చెట్టు మొదట్లో పోయగలం?

2022 జులై 1 నుంచి దేశమంతా కొన్ని ప్లాస్టిక్ వస్తువులని నిషేధించారు. అలంకరణకి వాడే థర్మాకోల్ ఆ జాబితాలో ఉంది, అయినా దండల్లో థర్మాకోల్ ఉండలు తిరుగుతూనే ఉన్నాయి. ప్లాస్టిక్ పూలు జాబితాలోనే లేవు. బెలూన్ పుల్లని నిషేధించిన ప్రభుత్వానికి పూలరైతు పొట్ట కొడుతున్న ప్లాస్టిక్ పూవు ఎందుకు కనబడలేదు? దాన్ని ఆ జాబితాలో చేర్చండి. అది పర్యావరణం మాట ఒక్కటే కాదు. కడియం చుట్టుపక్కల పూలరైతు బతుకంతా ముహూర్తాల మీద ఆడుతుంది. మంచి ముహూర్తాలున్న వారం కనకాంబరాలు కిలో వెయ్యి దాటతాయి. మూఢం వస్తే, ఆషాఢం వస్తే, బంతిపూలు కోసిన కూలి కూడా రాక గట్టు మీద పారబోస్తారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయినప్పుడు ఆ పూల గంపలు రోడ్డు పక్కన కుళ్ళిపోవడం అందరూ చూశారు, అయ్యో అన్నారు. కరోనా పోయింది. పెళ్ళిళ్ళు మునుపటికన్నా ఆడంబరంగా అవుతున్నాయి. అదే రైతు ముహూర్తం రోజున కూడా గుడ్డపూవుతో పోటీ పడాల్సి వస్తోంది. అది వాడిపోదు, దానికి రేటు పెరగదు, ఒకసారి కొంటే యాభై పెళ్ళిళ్ళకి అద్దెకివ్వొచ్చు. మా అమ్మాయి వెనక ఉన్న గోడ ఎన్నో పెళ్ళిదో నాకు తెలియదు. రేకుల మడతల్లో దుమ్ము మాత్రం స్పష్టంగా ఉంది. ఆ దుమ్ము వాసన రాకుండా ఏదో సెంటు కొట్టారు. మల్లె సెంటు.

పూలు కట్టే ఆడవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. అరటినార తడిపి, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య నాలుగేసి మొగ్గలు ఎదురెదురుగా పేర్చి, కళ్ళు ఎటో చూస్తుండగానే ముడి వేసే ఆ వేగం ఎక్కడైనా బడిలో నేర్పుతారా? మొగ్గ మెడ తెగకూడదు, ముడి వదులు కాకూడదు, విచ్చుకునేటప్పుడు ఒకదాన్నొకటి తోసుకోకూడదు. కిలోకింతని, మూరకింతని ఇస్తారు వాళ్ళకి. ఆ డబ్బు చేతికొచ్చేసరికి నడుం పడిపోయి ఉంటుంది. పూలజడ కుట్టడం వచ్చినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉండేవాళ్ళు. మా అమ్మాయికి పూలజడ కుట్టేవాళ్ళని వెతికితే ఇద్దరే దొరికారు, ఇద్దరికీ చూపు ఆనడం లేదు. చివరికి బ్యూటీషియన్ తెచ్చిన గుడ్డజడ క్లిప్పులతో తగిలించారు. కార్డు మీద డెకరేటరు పేరుంది, ఫొటోగ్రాఫరు పేరుంది, మేకప్ చేసినావిడ పేరుంది. పూలు కట్టినవాళ్ళ పేరు వేయడానికి కట్టిన పూలే లేవు.

అమ్మాయి ముచ్చట పడింది కదా, ఎందుకంత గొడవ అని మా తమ్ముడు నాతో రెండు నెలలు మాట్లాడలేదు. అమ్మాయి ముచ్చటని నేను తప్పు పట్టను. కానీ ఆమె ముందు ఏమి పెట్టాం? ఒక తెర మీద నలభై బొమ్మలు పెట్టి ఎంచుకోమన్నాం. తెల్లవారుజామున మూడింటికి మార్కెట్టుకి తీసుకెళ్ళి, గోనెపట్టాల మీద పోసిన మల్లెగుట్టల మధ్య నిలబెట్టి, దోసెడు తీసి ముక్కు దగ్గర పెట్టి, ఇప్పుడు చెప్పమ్మా అని ఎవరైనా అడిగామా? తెలియని దాన్ని ఎవరు కోరుకుంటారు?

మా అమ్మ పెళ్ళిఫొటో మా ఇంట్లో ఒకటే ఉంది. నలుపు తెలుపు, మూల చెదలు పట్టింది. అందులో పూలు కనబడవు, డెకరేటరు చెప్పింది నిజమే. కానీ అమ్మ ఆ ఫొటో ముందు కూర్చుంటే చెబుతుంది: జడలో మల్లెలూ మరువమూ, మెడలో లిల్లీ దండ, మధ్యలో ఒక్కొక్క ఎర్ర గులాబీ, నాన్న దండలో పూలు కొంచెం వదులుగా కట్టడం వల్ల తల వంచినప్పుడల్లా ఒక్కోటి ఆమె ఒళ్ళో రాలాయట. యాభై రెండేళ్ళ కిందటి పూలు. మా మేనకోడలి దగ్గర పన్నెండొందల ఫొటోలున్నాయి. మొన్న అడిగాను, నీ వెనక ఏం పూలుండేవే అని. ఫోన్ తీసి చూసి చెప్పింది.

మాఘంలో మా చిన్న మేనకోడలి పెళ్ళి. ఈసారి తమ్ముణ్ణి, మరదలిని, పిల్లని వెంటబెట్టుకుని ముందే కడియపులంక వెళ్ళాను. చలి, మంచు, లారీల లైట్లు. ఒకావిడ గంప ముందు కూర్చుని నాలుగు వేళ్ళతో చామంతులు ఏరుతోంది. పిల్ల వంగి, "మల్లెలు కావాలండీ, పెళ్ళికి" అంది. ఆవిడ తలెత్తి చూసింది.

"మాఘంలో మల్లెలేంటమ్మా? దొరికినా గిడసబారి ఉంటాయి. ముహూర్తం ఎన్నింటికి?"

పొద్దున తొమ్మిదీ పదిహేను అని చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

"అయితే పచ్చచామంతి, తెల్లచామంతి పందిరికి. జడకి కాగడాపూలు. దండకి లిల్లీ, ముందురోజు సాయంత్రం కోసినవి. కనకాంబరం నేను కట్టిస్తాను. పిల్లని ఒకసారి తిరగమనండి, జడ చూడాలి."

పిల్ల వెనక్కి తిరిగింది. ఆవిడ లేచి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని, జడ పొడవునా మూర వేసి కొలిచింది.